పెట్టె లేని పన్నెండు బళ్ళు

మెట్ట మీది బడి
జూన్ 20

మరదలికి,

మూడు రోజులుగా వాన. పొద్దున వచ్చేసరికి ఎడమ గదిలో నాలుగు చోట్ల కారుతోంది. బెంచీలన్నీ కుడి గదిలోకి మోయించాను. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు మూడూ ఒకే గదిలో కూర్చున్నాయి. మొత్తం నలభై ఒక్కరు. బకెట్లు నిండినప్పుడల్లా ఒకరు లేచి పారబోసి వచ్చారు. ఎనిమిదికి లెక్కలు చెబుతుంటే ఆరు వాళ్ళు నోరు తెరుచుకుని విన్నారు. ఆరుకి చెబుతుంటే ఎనిమిది వాళ్ళు కునుకు తీశారు. ఇవాల్టి పని ఇంతే.

నీకు ఉద్యోగం వచ్చిందని మీ అన్నయ్య తన బస్సెక్కిన ప్రతి మనిషికీ చెప్పాడు. వెనక్కి తిరిగి మరీ చెబుతున్నాడు, రోడ్డు చూడమనమ్మా అని కండక్టరు నా దగ్గర మొర పెట్టుకున్నాడు. లెక్కలు, సైన్సు ఎలా చెబితే పిల్లలకి ఎక్కుతాయో తూచి చూసే ఆఫీసట కదా. తూచేది పిల్లల్నా, పంతుళ్ళనా అని మీ అన్నయ్య అడగమన్నాడు.

దిగువ బళ్ళకి చెక్కపెట్టెలు వస్తాయని విన్నాను. త్రాసు, కప్పీలు, భూతద్దం, భిన్నాలు నేర్పే చెక్కముక్కలు ఉంటాయట. మా బడిలో ఉన్నవి ఒక నల్లబల్ల, ఒక గ్లోబు. గ్లోబుకి ఇరుసు విరిగి ఆరేళ్ళయింది, చేతిలో పెట్టుకుని తిప్పాలి. మా బడి పేరు కూడా ఆ జాబితాలో పడేలా చూడు. ఇంతవరకు నిన్ను ఏమీ అడగలేదు.

నీ వదిన

ఆఫీసు, రెండో అంతస్తు
జూలై 4

వదినా,

నేను చెప్పబోయేది నీకు నచ్చదు. ముందు మా పద్ధతి చెబుతాను.

ఆ పెట్టెల వల్ల పిల్లలకి నిజంగా లెక్కలు వస్తాయో, చూడ్డానికి బాగుంటాయో ఇంకా ఎవరికీ తెలియదు. తెలుసుకోవడానికే మేమున్నాం. ఇరవై నాలుగు బళ్ళు తీసుకున్నాం. పన్నెండింటికి పెట్టె ఇస్తారు, పన్నెండింటికి ఇవ్వరు. ఏప్రిల్‌లో అందరికీ ఒకటే పరీక్ష, అరవై మార్కులకి. పెట్టె ఉన్న బళ్ళ సగటు, లేని బళ్ళ సగటు కన్నా కనీసం ఐదు మార్కులు ఎక్కువ ఉంటే అన్ని బళ్ళకీ పెట్టెలు వస్తాయి. ఐదు రాకపోతే ఇచ్చిన పన్నెండూ కూడా వెనక్కి తీసుకుంటారు.

ఎవరికి ఇవ్వాలో మనుషులు నిర్ణయించకూడదు, పక్షపాతం వస్తుంది. అందుకని చీట్లు వేశారు. తీసింది నేను. మీ బడి లేనివాటిలో పడింది. ఆ చీటీ విప్పినప్పుడు మళ్ళీ డబ్బాలో వేసేద్దామా అనిపించింది. మా ఆఫీసు పెద్దాయన నా పక్కనే నిలబడి ఉన్నారు.

ఇంకొకటి. మా వదిన చెప్పే బడి ఇందులో ఉందని నేను ఆఫీసులో చెప్పలేదు. చెబితే ఈ పని నాకు ఇవ్వరు. నువ్వు కూడా ఎక్కడా అనకు. ఒక్క ఏడాది ఓపిక పట్టు.

నీ మరదలు

మెట్ట మీది బడి
జూలై 19

మరదలికి,

ఇరవై నాలుగు చీట్లలో నీ వేళ్ళకి నా చీటీయే తగిలిందా తల్లీ? మీ అన్నయ్యతో చెబితే, మా చెల్లెలు చిన్నప్పుడు కూడా అంతే, పంచమంటే మనవాళ్ళకి చిన్న ముక్క పెట్టేది, న్యాయం మనిషి అని మురిసిపోయాడు. మీ ఇంటి మనుషులతో గెలవలేను.

నిన్న ఏడో తరగతిలో సగం పెద్దదా, మూడో వంతు పెద్దదా అని అడిగాను. గొర్రెల వాళ్ళ అమ్మాయి లేచి, మూడో వంతే టీచర్, రెండు కన్నా మూడు ఎక్కువ కదా అంది. తరగతంతా తలూపింది. బల్ల మీద గీసి చూపించాను. చూశారు. మళ్ళీ అడిగితే మళ్ళీ మూడో వంతే అన్నారు. పోయినేడు కూడా ఇదే జవాబు. అంతకు ముందేడూ ఇదే. పదహారేళ్ళుగా ఇదే గీత గీస్తున్నాను.

ఆదివారం బడి మూసి ఉంటుందని మంగళవారం సెలవు పెట్టి దిగువ బడికి వెళ్ళి పెట్టె చూసి వచ్చాను. దానితో పాఠం చెప్పడానికి వచ్చే ఆయన్ని పెట్టె మాస్టారు అంటున్నారు. సన్నగా ఉంటారు, ఎప్పుడూ దగ్గుతుంటారు, సైకిలు మీద తిరుగుతారు. మంగళవారం దిగువ బడి, మిగతా రోజులు వేరే బళ్ళు. ఎక్కడి పెట్టె అక్కడే ఉంటుంది. అందులోని చెక్కముక్కలన్నీ ఆయన సొంతంగా కోసి, గరుకు కాగితంతో రుద్దినవట. ఒక్కో ముక్క అంచు చేత్తో తడిమి చూశాను, ఎక్కడా పేడు లేదు.

ఆయన వెళ్ళాక మళ్ళీ మంగళవారం దాకా ఆ పెట్టె బీరువాలో తాళం వేసి ఉంటుంది. ఒక్క రోజు మా బడికి ఇస్తారా అని అడిగాను. మీ బడి లేనివాటిలో ఉందమ్మా, నా చేతిలో లేదు అన్నారు. మీ మాటే ఆయన నోట్లోనూ ఉంది.

నీ వదిన

ఆఫీసు
ఆగస్టు 11

వదినా,

జూన్‌లో రాయించిన మొదటి పరీక్ష పేపర్లు దిద్దించడంతో నెల గడిచిపోయింది. బడి పేరు ఉండదు, పేపరు మీద అంకె ఒక్కటే. ఏ అంకె ఏ బడో రాసిన పుస్తకం నా సొరుగులో ఉంటుంది. బళ్ళ నుంచి వచ్చే ఉత్తరాలు కూడా నేనే తీసుకుని ముద్ర వేయాలి. రెండు వైపుల బళ్ళూ సమానంగానే ఉన్నాయి, అటూ ఇటూ ఇరవై నాలుగు మార్కులే. ఇక ఏం తేడా వచ్చినా అది పెట్టె వల్లే వచ్చినట్టు లెక్క.

పెట్టె గురించి ఎవరినీ అడగొద్దు. ఎప్పట్లాగే నీ పని చేసుకో. నువ్వు నాకు చేసే సాయం అదే.

గదిలో గోడ చెమ్మ పట్టింది. బట్టలు ఆరడం లేదు. ఇంకేం లేవు విశేషాలు.

మరదలు

మెట్ట మీది బడి
అక్టోబరు 9

మరదలికి,

వానలు తగ్గాయి. పెంకులు సర్దించాం. ఎడమ గదిలో మళ్ళీ పాఠాలు జరుగుతున్నాయి.

గొర్రెల వాళ్ళ అమ్మాయి శుక్రవారం లేచి, టీచర్, మూడో వంతులు మూడు పెడితేనే ఒకటి అవుతుంది, సగాలు రెండు పెడితే చాలు, అందుకే సగం పెద్దది అంది. పక్కనున్న పిల్ల, ఏంటే నీ తెలివి, మొన్నటిదాకా నువ్వే కదా మూడో వంతు అన్నావు అని దెప్పింది. మొన్న చేత్తో పట్టుకోలేదు కదే అంది ఇది.

ఎలా వచ్చిందని నన్నడక్కు. మీ అన్నయ్య ఈ మధ్య మహా హుషారుగా ఉన్నాడు. ఈ పిల్లలకి నేను లేకపోతే దిక్కెవరు అంటాడు. బస్సు నడిపేవాడికి గర్వం ఎక్కువైంది.

ఒక్క మాట అడుగుతాను, సూటిగా చెప్పు. మా బడి పిల్లలు బాగా నేర్చుకుంటే మీ లెక్కకి ఏమైనా నష్టమా?

నీ వదిన

ఆఫీసు
అక్టోబరు 22

వదినా,

పదకొండు రోజులు ఊళ్ళు తిరిగి ఇవాళే వచ్చాను. నీ ఉత్తరం చదివి చాలా రోజుల తర్వాత నవ్వాను. పిల్లలు నేర్చుకుంటే నష్టం ఏమిటి? ఇంకా గుచ్చుతున్నావు కదూ ఆ చీటీ సంగతి. బాగా నేర్పు వదినా, పెట్టె లేకుండానే పెట్టె బళ్ళని కొట్టేయి, మా పెద్దాయన మొహం చూడాలనుంది నాకు.

అన్నయ్యని రోడ్డు చూసి నడపమను.

నీ మరదలు

మెట్ట మీది బడి
జనవరి 24

మరదలికి,

చలి ఎక్కువగా ఉంది. పది దాటితే గానీ పిల్లల వేళ్ళు పెన్సిలు పట్టుకోవడం లేదు. ఎండలో కూర్చోబెట్టి చెబుతున్నాను.

పెట్టె మాస్టారుకి దగ్గు పెరిగింది. సైకిలు తొక్కలేక మీ అన్నయ్య బస్సులో తిరుగుతున్నారు. ఏప్రిల్ తర్వాత ఈ పని ఉంటుందా అని మీ అన్నయ్యని అడిగారట. డ్రైవరు చెల్లెలు ఆ ఆఫీసులోనే ఉందని ఆయనకెవరో చెప్పారు, నువ్వు వద్దన్నాక మేం చెప్పలేదు. మీ అన్నయ్య, బల్ల గుద్ది చెబుతున్నా, ఉంటుంది మాస్టారూ అన్నాడు. ఆయన వేరే పని నేర్చుకోలేదు. పన్నెండేళ్ళు ఆ ముక్కలు కోయడమూ, బళ్ళకి మోయడమూ.

నువ్వు ఉత్తరం రాసి మూడు నెలలైంది. ఒంట్లో బాగుందా?

నీ వదిన

ఆఫీసు
ఏప్రిల్ 24

వదినా,

ఈ ఉత్తరం అన్నయ్యకి చదివి వినిపించకు. ముందు నువ్వు చదువు.

మార్కులు వచ్చాయి. పెట్టె ఉన్న బళ్ళ సగటు ముప్పై ఎనిమిది. లేని బళ్ళ సగటు ముప్పై నాలుగు. తేడా నాలుగు. ఐదు కావాలి.

లేని పన్నెండు బళ్ళనీ విడివిడిగా చూశాను. ఏడు బళ్ళు ముప్పై ఒకటి దగ్గర ఆగిపోయాయి. ఐదు మాత్రం ముప్పై ఎనిమిది. పెట్టె బళ్ళతో సమానంగా. నా సొరుగులోని పుస్తకం తీసి ఆ అంకెలు ఏ బళ్ళవో చూశాను. వంతెన అవతలి బడి, సున్నపు బట్టీ పక్క బడి, కొండ మలుపు దగ్గర రెండు, ఆ తర్వాత మీది. వరసగా రాశాక పెన్ను పక్కన పెట్టాను. అన్నయ్య బస్సు దిగువ బడి దాటాక ఆగే చోట్లు వరసగా అవే.

ఏం జరిగింది?

మరదలు

మెట్ట మీది బడి
ఏప్రిల్ 28

మరదలికి,

జరిగింది చెబుతాను.

ఆగస్టులో దిగువ బడి లెక్కల టీచరుని అడిగాను. మా ఇద్దరిదీ ట్రైనింగులో ఒకే గది. బీరువాలో ఊరికే ఉండేదేగా, పట్టుకెళ్ళు, మంగళవారానికి నా పెట్టె నాకుండాలి అంది. మీ అన్నయ్య డ్రైవరు సీటు వెనక పెట్టుకుని తెచ్చాడు. మొదట మా బడికే. దారిలో కొండ మలుపు టీచర్లు చూశారు. వాళ్ళ పిల్లలకీ మూడో వంతే పెద్దది. మీ అన్నయ్య ఎవరికీ కాదనలేడు, నీకు తెలుసు. బుధవారం వంతెన అవతలి బడి, గురువారం సున్నపు బట్టీ, శుక్రవారం మాకు, శనివారం, సోమవారం కొండ మలుపు బళ్ళు. సోమవారం సాయంత్రం బస్సుకి దిగువకి. పెట్టెకి ఆదివారం ఒక్కటే సెలవు.

నవంబరులో ఒక మంగళవారం పెట్టె మాస్టారు త్రాసు తీసి, దారానికి వేసిన ముడి చూశారట. ఈ ముడి నాది కాదు అన్నారట. ఆయనే ఆ ముడి విప్పి గట్టిగా మళ్ళీ కట్టి, చాలా తిరుగుతోంది పాపం అని పాఠం మొదలుపెట్టారట.

మా పిల్లలకి మార్కులు వస్తే పెట్టె మంచిదని మీకు తెలుస్తుందనే అనుకున్నాను. మేం బాగుపడితే పెట్టెకే దెబ్బ అని నాకు తట్టలేదు. లెక్కల టీచర్నే, నాకు తట్టాలి. నిన్ను అక్టోబరులో అడిగాను. నువ్వు నవ్వావు. నిన్ను అనడం లేదు. ఎందుకు అడుగుతున్నానో నేను చెప్పి ఉండాల్సింది.

ఇప్పుడు వెళ్ళి మీ పెద్దాయనతో చెప్పు. ఐదు బళ్ళూ పెట్టె వాడాయి అని చెప్పు. ఎంత తేడా వస్తుంది అప్పుడు?

వదిన

ఆఫీసు
మే 2

వదినా,

ఆ ఐదింటినీ తీసేస్తే తేడా ఏడు. వేసి చూశాను. ఏడుసార్లు వేసి చూశాను.

కమిటీ సమావేశం పదో తారీఖు. అంతకు ముందే తెలిస్తే నిర్ణయం ఆపి ఇంకో ఏడాది చూస్తారు. అది మా నియమాల్లోనే ఉంది. నిర్ణయం అయ్యాక ఏం తెలిసినా ఫైలు తెరవరు. అదీ నియమాల్లోనే ఉంది.

కానీ నేను చెబితే, నీకెలా తెలుసని అడుగుతారు. మా వదిన చెప్పిందనాలి. ఏడాదిగా ఎందుకు దాచావంటారు. నా ఉద్యోగం పోతుంది, అది సరే అనుకో. పెట్టె ఎలా వెళ్ళిందంటారు. టిక్కెట్టు లేని సామాను ఎనిమిది నెలలు బస్సులో మోసినందుకు డిపో వాళ్ళకి రాస్తారు. అన్నయ్యకి రెండేళ్ళ కిందటే ఒక మెమో ఉంది. ఈసారి ఇంటికి పంపేస్తారు. యాభై రెండేళ్ళ వయసులో ఇంకేం పని చేస్తాడు?

నన్ను ఒత్తిడి చేయకు వదినా. ఆలోచిస్తున్నాను.

మరదలు

మెట్ట మీది బడి
మే 5

మరదలికి,

నువ్వు చెప్పలేకపోతే మానేయి. నేనే రాశాను. ఈ రోజు మీ ఆఫీసుకి రిజిస్టరు పోస్టు చేశాను. ఏ రోజు ఏ బడికి పెట్టె వెళ్ళిందో ఆగస్టు నుంచి ఏప్రిల్ దాకా వరసగా రాశాను. ఐదు బళ్ళ టీచర్లమూ సంతకాలు పెట్టాం. నీ పేరు ఎక్కడా లేదు. నా మరదలివని ఎక్కడా లేదు. పదో తారీఖులోగా అందుతుందని పోస్టాఫీసులో చెప్పారు.

మీ అన్నయ్య గురించి బెంగ పడకు. ఆయన ఏం చేయాలో ఆయనకి తెలుసు.

నీ వదిన

ఆఫీసు, రెండో అంతస్తు
మే 16

ప్రధానోపాధ్యాయిని గారికి,
మెట్ట మీది బడి

విషయం: లెక్కలు, సైన్సు పెట్టెల పథకం పరిశీలన.

మీరు పంపిన లేఖ ఈ నెల 14వ తేదీన మా కార్యాలయానికి అందినది. అప్పటికే, అనగా 10వ తేదీన, కమిటీ సమావేశమై పథకము ఆశించిన ఫలితము ఇవ్వలేదని తీర్మానించినది. నిర్ణయము వెలువడిన పిమ్మట అందిన సమాచారమును పరిశీలించుటకు నియమములు అనుమతించవు. పన్నెండు పెట్టెలను ఈ నెలాఖరులోగా వెనుకకు తీసుకొనుటకు ఉత్తర్వులు ఇవ్వబడినవి.

పిల్లల చదువు పట్ల మీరు చూపిన శ్రద్ధకు కృతజ్ఞతలు.

ఇట్లు,
పరిశీలన సహాయకురాలు
(సంతకం, కార్యాలయ ముద్ర)

మెట్ట మీది బడి
మే 27

మరదలికి,

ఎండలు ముదిరాయి. బడికి సెలవులు. నేను ఒక్కదాన్నే వచ్చి బీరువా తుడిచి, హాజరు పుస్తకాలు ఎండలో పెట్టాను.

ఆఫీసు ఉత్తరం అందింది. కింద సంతకం గుర్తుపట్టాను. అంతకు ముందే పోస్టాఫీసు నుంచి రిజిస్టరు రసీదు కార్డు తిరిగి వచ్చింది. ఉత్తరం అందుకున్న వాళ్ళు కార్డు మీద సంతకం పెట్టి తారీఖు వేస్తారు కదా. దాని మీదా నీ సంతకమే ఉంది. తారీఖు మే 7. నువ్వు రాసిన దాంట్లో 14 అని ఉంది. ఆ కార్డు ఈ కవరులో పెట్టాను. నా దగ్గర ఉండటం ఎందుకు, నీ దగ్గరే ఉంచుకో.

అన్నయ్య కోసం చేశానంటావు. ఆయన మే 6వ తారీఖునే డిపోకి వెళ్ళి తనే చెప్పేశాడు. మా చెల్లెలు నా గురించి భయపడుతోంది, అది చెప్పినా నాకు కొత్తగా వచ్చే నష్టం లేకుండా చేశాను అన్నాడు. నీకు ఉత్తరం రాయమంటే, నేను డిపోలో చెప్పేశానని రాసి దానితో చెప్పించడం ఏం బాగుంటుంది, దానంతట అదే చెబుతుంది, చూడు అన్నాడు. పదో తారీఖు సాయంత్రం దాకా ఎదురు చూశాడు. డిపో వాళ్ళు ఉద్యోగం తీసేయలేదు. ఈ దారి మార్చి టౌనులో తిరిగే బస్సు ఇచ్చారు. కార్డు ఆయనకి చూపించలేదు. చూపించను. నువ్వు వచ్చినప్పుడు నువ్వే చెప్పుకో, లేదా మానుకో.

పెట్టెలు గురువారం లారీ వచ్చి తీసుకెళ్ళింది. దిగువ బడి పెట్టెలో ఒక మూడో వంతు ముక్క తక్కువైందని లారీతో వచ్చిన మనిషి గొడవ చేశాడు. రాసుకో నాయనా, నేనే పారేశానని రాసుకో అన్నారు పెట్టె మాస్టారు. అది ఎక్కడ ఉందో నాకు తెలుసు. గొర్రెల వాళ్ళ అమ్మాయి దగ్గరుంది. అడగలేదు. జూన్‌లో ఆరో తరగతిలోకి పద్దెనిమిది మంది కొత్తవాళ్ళు వస్తున్నారు. వాళ్ళకి నల్లబల్ల మీద గీస్తాను.

మాస్టారు సైకిలు ఇక్కడే ఒకరికి ఇచ్చేశారు. నన్ను ఏమీ అడగలేదు. నేను చెప్పబోతే, తెలుసమ్మా, ముడి చూశాను కదా అన్నారు.

ఆదివారం, 25వ తారీఖు, పొద్దున ఏడు ఇరవై బస్సుకి పెట్టె మాస్టారు వెళ్ళిపోయారు. బస్సు నడిపింది కొత్త డ్రైవరు.